సంఘపు కంప్యూటరును దాని బిళ్ళ బ్యాటరీయును

సహకార సంఘమునకు మూలధనము రెండు విధములు. మొదటిది సభ్యులు చెల్లించిన వాటాధనము. రెండవది సంఘపు లెక్కలయందు ఆ సభ్యులకు గల నమ్మకము. మొదటిది తరిగినచో అప్పు తెచ్చి పూరింపవచ్చును. రెండవది తరిగినచో ఏ బ్యాంకును దానిని అప్పుగా నీయజాలదు. 1904వ సంవత్సరమున మన దేశమున సహకార పరపతి సంఘముల చట్టము వచ్చిన నాటినుండి చిట్టా, ఆవర్జా, రశీదు పుస్తకము అను మూడును ఈ నమ్మకమునకు కాపుగా నుండినవి. నేడా కాపుదల క్రమముగా కంప్యూటరు వశమగుచున్నది. 2022వ సంవత్సరము జూన్ 29వ తేదీన కేంద్ర మంత్రివర్గ సంఘము దేశమందలి సుమారు 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘముల లెక్కలను ఐదేండ్లలో కంప్యూటర్లకు ఎక్కించుటకు 2,516 కోట్ల రూపాయల అంచనాతో ఒక పథకము నంగీకరించినది. ఆ పథకమునందు మన తెలుగు జిల్లాల సంఘములును చేరియున్నవి.

పథకము మంచిది. దానిని గురించి వివాదము లేదు. అయితే ఎద్దును కొని తెచ్చిన రైతునకు దాని మేత, నీరు, కొట్టము, గిట్టల సంగతి తెలిసియుండును. కంప్యూటరును తెచ్చిన సంఘమునకు దాని పోషణ సంగతి తెలిసియుండుట యరుదు. యంత్రము వచ్చినది, బల్లమీద కూర్చున్నది, గుడ్డ కప్పబడినది. దానిని చూచుకొనుట యెవరి విధియో ఏ తీర్మానమునందును వ్రాయబడలేదు. కావుననే “పని నడుమ కంప్యూటరు దానంతట నది ఆగిపోవుచున్నది” అను మాట ఇటీవల సంఘముల కార్యాలయములందు తరచుగా వినవచ్చుచున్నది.

ఈ మాటకు రెండు సమాధానములు వాడుకలో నున్నవి. ఒకటి, “కరెంటు మంచిది కాదు” అనునది. రెండవది, “లోపల బ్యాటరీ పోయినది, దానితో బోర్డు కూడ మార్చవలయును” అనునది. మొదటి దానితో గుమాస్తా ఊరకుండును. రెండవ దానితో సంఘపు పైకము వ్యయమగును. ఈ రెండును తొందరపాటు సమాధానములే యని నా అభిప్రాయము. కంప్యూటరు లోపలి చిన్న బిళ్ళ బ్యాటరీ అలక్ష్యము చేయదగినది కాదు. అట్లని జరిగిన ప్రతి దోషమును దాని నెత్తిన రుద్దుటయు తగదు. దాని పని యేదో, దాని పని కానిది యేదో తెలిసికొన్నచో సంఘమునకు ధనమును, కాలమును, అన్నిటికంటె మిన్నగా నమ్మకమును మిగులును.

ముందుగా ఆ బిళ్ళ యెట్టిదో చూతము. కంప్యూటరు పెట్టె లోపల మదర్‌బోర్డు అను పెద్ద పలక యుండును. దానిమీద నాణెమువలె మెరయు ఒక గుండ్రని బిళ్ళ గూటిలో అమర్చబడియుండును. సాధారణముగా దానిమీద సి.ఆర్. 2032 అని యుండును. ఆ అంకెలలో మొదటి 20 దాని అడ్డుకొలత యిరువది మిల్లీమీటర్లని తెలుపును. తరువాతి 32 దాని మందము 3.2 మిల్లీమీటర్లని తెలుపును. అది లిథియము అను తేలికపాటి లోహముతో చేయబడినది. దాని బలము మూడు వోల్టులు. ఒకసారి ఖర్చయినచో మరల నింపుటకు వీలు లేనిది.

దాని పని రెండు విధములు. గోడనుండి కరెంటు రానప్పుడు కంప్యూటరు లోపలి గడియారమును నడుపుట యొకటి. యంత్రము మేల్కొనునప్పుడు చూచుకొనవలసిన కొన్ని అమరికలను జ్ఞాపకముంచుట మరియొకటి. 1981వ సంవత్సరమున ఐ.బి.ఎం. వారు వెలువరించిన మొదటి పర్సనల్ కంప్యూటరునందు ఇట్టి ఏర్పాటు లేదు. ప్రతి ఉదయము మీట వేయగానే మనుష్యుడే తేదీయు వేళయు టైపు చేయవలసి యుండెడిది. 1984లో వచ్చిన వారి ఏ.టి. నమూనాలో బ్యాటరీతో నడచు గడియారము చేరినది. నాటినుండి నేటివరకు బల్లమీది కంప్యూటర్లలో ఈ పద్ధతియే సాగుచున్నది. ఆ గడియారములో ఒక చిన్న స్ఫటికము సెకనునకు 32,768 మారులు కంపించును. ఆ సంఖ్యను పదునైదు మారులు సగము చేసినచో సరిగా ఒకటి వచ్చును. ఆ ఒకటియే ఒక సెకను. అట్లు లెక్కించుచు అది రాత్రింబవళ్ళు కాలమును కాచుచుండును.

ఈ కావలికి కూలి యెంత? సాధారణముగా కొలది మైక్రో ఆంపియర్లు మాత్రమే. బిళ్ళలో సుమారు 225 మిల్లీ ఆంపియరు గంటల శక్తి యుండును. గడియారము ఐదు మైక్రో ఆంపియర్ల చొప్పున వాడుకొనుననుకొన్నచో ఆ నిలువ 45,000 గంటలకు, అనగా సుమారు ఐదేండ్లకు సరిపోవును. అయితే గోడ మీట వేసియున్నంత కాలము గడియారము బిళ్ళను ముట్టదు. పెట్టె ఆపియున్నను, తీగ గోడకు తగిలియున్నచో కరెంటునుండియే అది బలమును పుచ్చుకొనును. మీట పూర్తిగా తీసివేసినప్పుడే బిళ్ళ ఖర్చగును.

ఇచ్చటనే మన పల్లె సంఘముల విశేషము కలదు. పిడుగులకును, హెచ్చుతగ్గుల కరెంటునకును వెరచి సాయంకాలము కార్యాలయము మూయునప్పుడు మనవారు మెయిను మీటనే తీసివేయుదురు. ఆ వాడుక మంచిదే, మానవలసిన పని లేదు. కాని రాత్రులు, ఆదివారములు, పండుగలు, కరెంటు కోతల గంటలు అన్నియు కలిపి లెక్కించినచో బిళ్ళ ప్రతిదినము మూడింట రెండుపాళ్ళ కాలము తానొక్కతియే గడియారమును మోయుచున్నది. పట్టణములో ఎల్లప్పుడు తీగ తగిలించియుంచు కంప్యూటరులో పది యేండ్లు నిలిచిన బిళ్ళ, మన సంఘములో అంతకంటె చాల ముందుగనే ఖర్చగుటలో ఆశ్చర్యము లేదు.

అది ఖర్చగు తీరును రైతు సులభముగా గ్రహింపగలడు. చెరువులో నీరు తూము మట్టమునకు పైనున్నంత వరకు కాలువ ఒక్కతీరుగనే పారును. చెరువు నిండుగా నున్నదో, సగమున్నదో కాలువను చూచి చెప్పలేము. నీరు తూము మట్టమునకు దిగిన దినముననే పారుదల తగ్గి, మరి రెండు దినములకు నిలిచిపోవును. లిథియము బిళ్ళయు నంతే. ఏండ్ల తరబడి మూడు వోల్టుల దగ్గరనే నిలిచియుండి, కడపట వేగముగా జారిపోవును. అందుచేతనే “నిన్నటివరకు బాగుగనే యున్నది గదా” అను మాటకు ఇచ్చట విలువ లేదు. మీటరుతో కొలిచినప్పుడు 2.8 వోల్టులకు దిగినదని కనబడినచో దానిని మార్చుట మేలు. అంతకు పైన చూపినను, ఐదేండ్లు నిండిన బిళ్ళను నమ్మరాదు. ఏలయన బరువు మోయనప్పుడు బలముగా కనబడి, బరువు పడగానే క్రుంగు బిళ్ళలు కలవు.

బిళ్ళ నీరసించినదని తెలుపు గుర్తులు కొన్ని యున్నవి. ఉదయము కంప్యూటరు తెరచినప్పుడు తేదీ వెనుకకు పోయియుండును. కొన్నిట ఆ బోర్డు తయారయిన సంవత్సరమో, అంతకు పూర్వపు సంవత్సరమో కనబడును. మేల్కొనునప్పుడు నల్లని తెరమీద సీమాస్ చెక్‌సమ్ తప్పినదని యొక హెచ్చరిక వచ్చి, ముందునకు సాగుటకు ఎఫ్ 1 మీట నొక్కుమని యడుగును. ఇంటర్నెట్టులో ఏ బ్యాంకు పుట తెరచినను భద్రతాపత్రము చెల్లదని తిరస్కరించును. ప్రతి భద్రతాపత్రమునకు ఒక ప్రారంభ దినమును, ఒక గడువు దినమును ఉండును. మన యంత్రము తాను గత దశాబ్దములో నున్నాననుకొన్నచో, నేటి పత్రము దానికి ఇంకను పుట్టని పత్రముగ తోచును. గుమాస్తా నెట్టు పోయినదనుకొని ఫోను చేయుచుండును. నెట్టు సరిగనే యుండును. పోయినది కాలము.

ఇక అసలు ప్రశ్నకు వత్తము. నీరసించిన బిళ్ళ నడచుచున్న కంప్యూటరును ఆపివేయునా? సాధారణముగా ఆపదు. కరెంటు వచ్చుచున్నంతసేపు యంత్రమునకు బిళ్ళతో పని లేదని పైన చెప్పితిమి. పని నడుమ తటాలున ఆగిపోవుటకు కారణము మొదట మరియొకచోట వెదకవలయును. అయితే మూడు విధములుగా ఈ బిళ్ళ ఆగిపోవుట యను వ్యవహారములో చేయి కలుపును.

మొదటిది. కరెంటు పోయి వచ్చినప్పుడు తనంతట మేల్కొనుమని కొన్ని కంప్యూటర్లకు అమరిక చేసియుందురు. బిళ్ళ చచ్చినచో, మీట తీసిన రాత్రియే ఆ అమరిక చెరగిపోవచ్చును. మరునాడు క్షణకాలము కరెంటు పోయి వచ్చినప్పుడు యంత్రము లేవదు. అది నిన్నటివరకు లేచుచుండెడిది గనుక, చూచువారు “ఇది తనంతట ఆగిపోయినది” అందురు. రెండవది. డిస్కును ఏ పద్ధతిలో చదువవలయునను అమరిక మారిపోయినచో, విండోస్ సగము లేచి, నీలితెర చూపి, మరల మొదటికి వచ్చుచుండును. ఇదియు ఆగిపోవుటవలెనే కనబడును. మూడవది. కొన్ని బోర్డులు బిళ్ళ పూర్తిగా చచ్చినప్పుడు అసలు మేల్కొననే మేల్కొనవు, మేల్కొన్నను నిలకడగా నడువవు. ఈ మూడింటియందును లక్షణ మొక్కటే: దోషము పొడుగైన సెలవుల తరువాతనో, మెయిను మీట తీసి వేసిన తరువాతనో కనబడును. నడుమధ్యాహ్నము నడచుచు నడచుచు కనబడదు.

మరి యొక చిక్కు కలదు. యంత్రము తనకు జరిగిన ప్రమాదములను తానే వ్రాసి యుంచుకొనును. విండోస్ వారి ఈవెంట్ వ్యూయర్ అను దినచర్యలో, సరిగా మూయకుండ ఆగిపోయినప్పుడెల్ల 41వ సంఖ్యతోను, 6008వ సంఖ్యతోను పద్దులు పడును. ఆ పద్దుల వేళలను చూచినచో రోగము సగము తెలియును. ప్రతిదినము పంపుసెట్లకు కరెంటు వదలు వేళకే పడుచున్నవా? మధ్యాహ్నపు టెండలోనే పడుచున్నవా? కాని గడియారమే తప్పినప్పుడు ఆ దినచర్య యంతయు తారుమారగును. ఏది ముందో, ఏది వెనుకయో తెలియదు. కావున నీరసించిన బిళ్ళ దొంగ కాకపోవచ్చును గాని, నిద్రపోయిన కావలివాడు. దొంగను పట్టవలయునన్నచో ముందు కావలివానిని లేపవలయును. ఈ కారణముచేతనే, ఆగిపోవుటకు బిళ్ళ కారణము కాకపోయినను, పరీక్షలో దానినే మొదట మార్చుట ఉచితమని నేననుచున్నాను. అది అన్నిటికంటె చౌక, అన్నిటికంటె సులభము, తరువాతి పరీక్షలకు ఆధారము.

బిళ్ళను మార్చి గడియారము సరిచేసిన పిమ్మట ఈ క్రమమున చూడవలయును. లైట్లు మందగించినప్పుడో, ప్రక్క మోటారు లేచినప్పుడో ఆగిపోవుచున్నచో దోషము వోల్టేజిది, లేదా యు.పి.ఎస్. లోపలి పెద్ద బ్యాటరీది. చాలమంది బ్యాటరీ యనగానే ఈ రెంటిని కలిపి తికమకపడుదురు. యు.పి.ఎస్. బ్యాటరీ సీసముతో చేసినది, ఇటుకవలె బరువైనది. దానిని పరీక్షించుట సులభము: అన్ని పనులు భద్రపరచి మూసి, గోడ మీట తీసి, యంత్రము ఎన్ని నిముషములు నిలుచునో చూడవలయును. క్షణములో ఆరిపోయినచో ఆ పెద్ద బ్యాటరీయే పోయినది.

అరగంట, గంట నడచిన పిదప, ముఖ్యముగా ఎండకాలమున, ఆగిపోవుచున్నచో దోషము వేడిమిది. యంత్రపు మెదడు మితిమీరి వేడెక్కినప్పుడు తన్ను తాను కాపాడుకొనుటకు ఆగిపోవును. అది దోషము కాదు, ఆత్మరక్షణము. మన సంఘముల కార్యాలయములు పెక్కు ఎరువుల గిడ్డంగికి ఆనుకొనియుండును. ధాన్యపు దుమ్ము, ప్రత్తి నూగు, ఎరువుల పొడి విసనకఱ్ఱల రెక్కలకు పట్టి గాలి నాపివేయును. ఎరువుల పొడి తేమను పీల్చుకొని రాగి తీగలను, అతుకులను తినివేయును కూడ. నెలకొకసారి యంత్రము నాపి, తీగ తీసి, మెత్తని కుంచెతో దుమ్ము దులిపినచో ఈ బాధ చాలవరకు తగ్గును. యంత్రమున్న గదికిని గిడ్డంగికిని నడుమ తలుపు మూసియుంచుట అంతకంటె మేలు.

వేళాపాళా లేకుండ ఆగిపోవుచున్నచో పవర్ సప్లై పెట్టెను, జ్ఞాపకపు పలకల అతుకులను, బోర్డుమీద ఉబ్బిన గొట్టపు కెపాసిటర్లను చూడవలయును. ఇది పనివాని పని. అయితే పనివాడు వచ్చునాటికి పై మూడు పరీక్షలును మనము ముగించి, కాగితముమీద వ్రాసి యుంచినచో, అతడు మనకు చెప్పునదానికంటె మనమే యతనికి ఎక్కువ చెప్పగలము. అట్టి సంఘమునకు అనవసరముగ బోర్డు మార్చుమని చెప్పుటకు ఎవరును సాహసింపరు.

ఇదంతయు గుమాస్తాకు సంబంధించిన విషయము, పొలము దున్ను రైతునకేల యని కొందరడుగవచ్చును. తేదీ రైతునకు సొమ్ము. కాలములో తీర్చిన పంటఋణముమీద సంవత్సరమునకు 3 శాతము వడ్డీ ప్రోత్సాహకము లభించు ఏర్పాటు కేంద్ర ప్రభుత్వ పథకమునందు కలదు. లక్ష రూపాయలకు సంవత్సరమునకు అది మూడువేల రూపాయలు. వాయిదా మార్చి 31వ తేదీ యనుకొందము. రైతు 28వ తేదీన వచ్చి పైకము చెల్లించెను. బల్లమీది యంత్రము ఆనాడే గతకాలమునకు పోయి కూర్చున్నది, లేదా బ్యాంకు పుట తెరువనీయలేదు. గుమాస్తా “రేపు రండి” యనెను. మరునాడును అదే. అటుపిమ్మట సెలవు. గడువు దాటినది. తప్పు రైతుది కాదు, మూడువేల రూపాయల నష్టము మాత్రము రైతుది. ఆ నష్టమునకు మూలము కొలది పదుల రూపాయల బిళ్ళ.

ప్రధానమైన లెక్కలు దూరపు సర్వరులో దాని గడియారము ననుసరించి పడినను, కార్యాలయములో ముద్రించు కొన్ని రశీదులు, గిడ్డంగి పట్టికలు, తూనిక చీటీలు బల్లమీది కంప్యూటరు తేదీనే పుచ్చుకొనుటకు అవకాశము కలదు. ఇంటర్నెట్టు తగిలినప్పుడు వేళ తనంతట సవరింపబడునని కొందరు ధైర్యము చెప్పుదురు. తేడా కొద్దియైనచో అది నిజమే. తేడా సంవత్సరములలో నున్నచో కొన్ని యంత్రములందు ఆ సవరణ తనంతట జరుగదు. తప్పు తేదీగల రశీదు వివాదమునందు రైతునకు సాక్ష్యము కాజాలదు. పైగా నిజాయితీగల గుమాస్తామీద నిందకును, నిజాయితీ లేనివానికి సాకునకును అది దారి తీయును. లెక్కల తనిఖీదారు “ఈ తేదీ యేమి?” అని యడిగినప్పుడు “బ్యాటరీ పోయినదండి” అను సమాధానము ఒకసారి చెల్లును. రెండవసారి చెల్లరాదు.

బిళ్ళను మార్చుట కష్టమైన పని కాదు. అయినను క్రమము తప్పరాదు. ముందుగా యంత్రము నడచుచుండగానే ముఖ్యమైన లెక్కలకు నకలు తీసి వేరుచోట భద్రపరచవలయును. బయాస్ అమరికల పుటలను తెరచి ఒక్కొక్కదానికి ఫోనుతో ఫొటో తీసియుంచవలయును. డిస్కునకు బిట్‌లాకర్ తాళము వేసియున్నచో దాని రికవరీ సంఖ్య చేతిలో నున్నదో లేదో చూచుకొనవలయును. అమరికలు మారినప్పుడు యంత్రము ఆ సంఖ్యను అడుగవచ్చును. అది లేనిచో లెక్కలన్నియు తాళములోనే యుండిపోవును. పిదప కంప్యూటరును క్రమముగా మూసి, గోడనుండి తీగ తీసివేసి, ఆన్ మీటను కొలది సెకనులు నొక్కిపట్టి మిగిలిన విద్యుత్తును విడువవలయును. పెట్టె ఇనుప భాగమును చేతితో తాకి, ఒంటిమీది స్థిరవిద్యుత్తును పోగొట్టుకొనవలయును.

అటుపిమ్మట ప్రక్క తలుపు తీసి, బిళ్ళ గూటి చిన్న కొక్కెమును మెల్లగా ప్రక్కకు నొక్కినచో బిళ్ళ పైకి లేచును. ఇనుప మొనతో పెకలింపరాదు. క్రొత్త బిళ్ళమీది సంకలనపు గుర్తు పైకి వచ్చునట్లు అమర్చి, తలుపు మూసి, తీగ తగిలించి, బయాస్ తెరచి తేదీయు వేళయు సరిచేసి, ఫొటోలను చూచుచు అమరికలను మరల పెట్టి భద్రపరచవలయును. ఆ సాయంకాలము మెయిను మీట తీసివేసి మరునాటి యుదయము తేదీ సరిగా నున్నచో పని ముగిసినట్లు. క్రొత్త బిళ్ళతోను తేదీ వెనుకకు పోవుచున్నచో దోషము గూటిలోనో బోర్డులోనో యున్నదని పనివానిని పిలువవచ్చును.

కొనునప్పుడు అదే అంకెగల బిళ్ళనే కొనవలయును. చూపునకు సమానముగ నుండు మరల నింపదగిన రకములు కలవు, వానిని దీనికి బదులుగా వాడరాదు. మూత విప్పని పొట్లములో, ఇటీవలి తేదీతో నున్నది తీసికొనవలయును. తీసివేసిన పాత బిళ్ళను బల్లమీద పడవేయరాదు. ఈ మాటను తేలికగా తీసికొనవలదు. పసిబిడ్డ నాణెమువంటి ఈ బిళ్ళను మ్రింగినచో అది గొంతు క్రింద చిక్కుకొని రెండు గంటలలోనే లోపలి కండను కాల్చివేయగలదు. అట్లు జరిగినదన్న అనుమానము కలిగినంతనే ఆలస్యము లేక ఆసుపత్రికి పోవలయును. ఎరువుల కొరకు తల్లులు బిడ్డల నెత్తుకొని వచ్చు చోటది. పాత బిళ్ళకు రెండు ముఖములకును అంటుకాగితము చుట్టి, మూతగల డబ్బాలో నుంచి, 2022వ సంవత్సరపు బ్యాటరీ వ్యర్థముల నియమముల ప్రకారము వానిని సేకరించువారికి అప్పగింపవలయును. పొలము గట్టున పారవేయరాదు.

ఇక సంఘముల పాలకవర్గములకు నా విన్నపము. యంత్రము పోయిన తరువాత తీర్మానము చేయుటకంటె పోకముందు చేయుట చౌక. సరకుల రిజిస్టరువలె ప్రతి సంఘమునందును ఒక యంత్రముల రిజిస్టరుండవలయును. కంప్యూటరు ఎన్నడు వచ్చినదో, బిళ్ళ ఎన్నడు మార్చినదో, యు.పి.ఎస్. బ్యాటరీ ఎన్నడు మార్చినదో, దుమ్ము ఎన్నడు దులిపినదో, ఎన్నడెన్నడు ఎట్లు ఆగిపోయినదో అందు చేతితో వ్రాయవలయును. ఆ రిజిస్టరు కంప్యూటరులో నుండరాదు. రోగి తన రోగచరిత్రను తానే దాచుకొన్నచో వైద్యునకు లాభమేమి? మూడేండ్లకొకసారి, బాగుగ నున్నను లేకున్నను, బిళ్ళను మార్చవలయును. మార్చిన తేదీని పెట్టె లోపలి ప్రక్క చీటిమీద వ్రాసి యంటింపవలయును. వార్షిక అంచనాలో దీనికొక పద్దు నుంచవలయును. ఆ పద్దు సంఘపు టీ ఖర్చులో పదియవ వంతు కూడ కాదు.

ప్రతి సంఘమునకు విడివిడిగా పనివాడు దొరకుట కష్టమనుట నిజము. అందుకే గదా సహకారము! ఒక మండలములోని సంఘములు కలిసి ఒక యువకునకు ఈ పని నేర్పించి, నెలకొకసారి త్రిప్పినచో ఒక్కొక్క సంఘమునకు పడు భారము స్వల్పము. విత్తనములను, ఎరువులను కలిసి కొనుట నేర్చిన మనకు మరమ్మతును కలిసి చేయించుకొనుట వింత కాదు. జిల్లా సహకార కేంద్ర బ్యాంకుల తనిఖీదారులును నగదును లెక్కించునప్పుడే కంప్యూటరు తేదీని కూడ చూచి సంతకము చేసినచో ఈ అలక్ష్యము ఏడాదిలో మాయమగును.

రైతు సోదరులకు చెప్పవలసినది కొద్దియే. రశీదు చేతికి రాగానే మొత్తమును చూచుకొనుట మీకు అలవాటే. ఇకమీదట తేదీని కూడ చూచుకొనుడు. తప్పియున్నచో అచ్చటనే చెప్పి, చేతివ్రాతతో సరిచేయించి, కార్యదర్శి సంతకము తీసికొనుడు. యంత్రము నడువదని త్రిప్పి పంపినచో, ఆ దినమున పైకముతో వచ్చినట్లు చేతి రశీదో, చీటియో యడుగుడు. అది మీ హక్కు. మహాజనసభలో లేచి “మన యంత్రముల రిజిస్టరేది?” అని యడుగుడు. అడుగు సభ్యుడున్న సంఘములో లెక్కలు నిద్రపోవు.

యంత్రము మన పనివాడే గాని మన యజమాని కాదు. అది ఆగిపోయినప్పుడు సంఘము ఆగిపోవునట్టి స్థితి రాకుండ చూచుట పాలకవర్గపు విధి. చెరువు గండి పడుటకు ముందు చీమల పుట్టను పూడ్చు జాతి మనది. రూపాయి బిళ్ళంత బ్యాటరీని కాలములో మార్చుటకు తీరిక లేదనుట మనకు శోభింపదు. రాబోవు సమావేశమునందే ప్రతి పాలకవర్గమును ఈ విషయమును చర్చకు తెచ్చి, చిన్న తీర్మానమొకటి చేసి, ఆ సాయంకాలమే పెట్టె తెరచి చూచును గాక.